నల్ల దారం

మే 9

రాయి తోమోయె. నేను చెప్పింది చెప్పినట్టు రాయి, నీ చదువు కలపకు. ఇది ఎవరికీ చూపించడానికి కాదు. నెలాఖరున తల్లుల సంఘం వాళ్ళు నన్ను బడికి పిలిచారు, సంజాయిషీ చెప్పుకోవాలట. నాకు అక్షరం రాదు. నా వాదన నువ్వు రాసిపెట్టి రోజూ చదివి వినిపిస్తే ఆ రోజుకి కంఠతా వస్తుంది. దీని పని అంతే.

నా పేరు బూ ఓక్‌సూన్. ఒసాకాలో, ఇకాయినో కాలవ పక్క సందులో, బొమ్మల నవలలు అద్దెకిచ్చే కొట్టు నాది. నా దగ్గర యువరాజుల కథలున్నాయి, బేస్‌బాల్ కథలున్నాయి. కానీ ఈ సందు జనం నా గుమ్మం తొక్కేది చీకటి కథల కోసం. అద్దంలోంచి దిగివచ్చే పెళ్ళికూతురు. తన తల తానే వెతుక్కునే సిపాయి. చెప్పుల ఫ్యాక్టరీ కింద పడుకున్న పాము. రోజంతా రబ్బరు కంపులో జిగురు పూసినవాళ్ళకి యువరాజులెందుకు?

ఎవరికి ఏది సరిపోతుందో నేను చెబుతాను. అక్షరం రాకపోతేనేం, కళ్ళున్నాయి. కొత్త పుస్తకం రాగానే బొమ్మలన్నీ చూస్తాను. చూశాక దబ్బనంతో వీపు పొడిచి, పది చేతుల్లో నలిగినా ఊడకుండా దారంతో కుడతాను. తెల్ల దారమైతే మోకాటి లోతు. నీలం అయితే మెడ లోతు. నల్ల దారమైతే అడుగు కనపడని లోతు. కొరియాలో, మా జేజు దీవిలో నేను సముద్రంలో మునిగి గుల్లలు ఏరినదాన్ని. అక్కడ ఆడవాళ్ళందర్నీ ఒకే లోతుకి పంపరు. ఎవరి ఊపిరి ఎంతో చూసి పంపుతారు. పైకి తేలగానే ప్రతి మనిషీ ఈల వేసినట్టు ఊపిరి వదలాలి. ఆ ఈల వినపడితేనే బతికి వచ్చినట్టు. నా కొట్లోనూ అదే పద్ధతి. పుస్తకం తిరిగిచ్చేటప్పుడు లోపల ఏం చూశారో నాకు చెప్పాలి. చెప్పకపోతే ఇంకోటి ఇవ్వను.

ఇంత పద్ధతిగా నడిపే కొట్టు మీదా ఫిర్యాదు?

ఇవాళ పొద్దున తోఫు కొట్టు నోబుకో చెప్పులు కూడా విప్పకుండా లోపలికి వచ్చింది. చేతిలో నా పుస్తకం.

"ఏం నూరిపోశావు ముసలమ్మా మా పిల్లకి? నీ దిక్కుమాలిన పుస్తకం చదివిన రోజు నుంచీ అన్నం ముట్టడం లేదు!"

"నీ తోఫు నాకే సయించదు. పసిపిల్లకి ఏం సయిస్తుంది?" అన్నాను.

పుస్తకం నా మీదకి విసిరింది. సంఘంలో చెప్పేశాననీ, నెలాఖరున బడికొచ్చి సంజాయిషీ చెప్పాలనీ, పెద్దావిడ హిషిదా గారు స్వయంగా వస్తారనీ అరిచి పోయింది.

పిల్ల పేరు సచియె. నోబుకో చెల్లెలి కూతురు. తల్లికి ఊపిరితిత్తుల జబ్బు, కొండ మీద ఆసుపత్రిలో ఉంది. పిల్లకి మాత్రం, అమ్మ వేడినీటి బుగ్గల ఊళ్ళో సత్రంలో పనికి వెళ్ళిందని చెప్పారు. సందులో అందరికీ నిజం తెలుసు, ఆ పిల్లకి తప్ప.

నేనిచ్చింది తెల్ల దారం పుస్తకం. అందులో ఏముంది? మంచు. ఇద్దరు పిల్లలు. నక్క ముసుగు వేసుకున్న ఒక ముసలిది వాళ్ళకి వేడి జావ పోస్తుంది. అంతే. నల్లది ఇచ్చి ఉంటే ఒప్పుకుందును. తెల్లది ఇచ్చాను. రాసుకో, తెల్లది.

మే 11

హిషిదా గారు వచ్చారు. గొడుగు మడిచి గుమ్మంలోనే నిలబడి, ఎంత మర్యాదగా మాట్లాడారంటే నాకు ఒళ్ళు మండింది.

"మీ కొట్టు మూయించాలని మాకు లేదండీ. నల్ల దారం పుస్తకాలు అప్పగించండి చాలు. వాటిని బడి ఆవరణలో తగలబెడతాం. లేదంటే ఈ పేట పిల్లలెవరూ మీ గుమ్మం ఎక్కకూడదని చెప్పాల్సి వస్తుంది."

"నల్లవే ఎందుకు?"

"అవి ప్రమాదకరమని మీరే గుర్తు పెట్టుకున్నారు కదా!"

నేను కట్టిన దారాలే నా మీద సాక్ష్యం చెప్పాయి. జాగ్రత్త కోసం కట్టాను తల్లీ, తగలబెట్టడానికి కాదు. ఈ మాట అప్పుడు తోచలేదు. ఇప్పుడు తోచింది. రాసుకో.

ఆ పిల్ల చదివింది తెల్లది అని కూడా గట్టిగా చెప్పాలి.

మే 12

నక్క పుస్తకం నేను చదవనా అని తోమోయె అడిగింది. ఇన్నాళ్ళూ మేడ మీద గదిలో అద్దెకుంటూ ఒక్క పుస్తకం ముట్టని మనిషి! నాకు భయం అవ్వా, రాత్రి మెట్లెక్కలేను అనేది. ఇప్పుడు ధైర్యం పుట్టుకొచ్చింది. అక్కర్లేదన్నాను. నేను చూశాను కదా. బొమ్మలో లేనిది మాటలో ఏముంటుంది?

మే 14

వాన. కాగితాలన్నీ మెత్తబడ్డాయి. అరల కింద బొగ్గులు పెట్టాను.

తొకుజి వచ్చాడు. కొలిమిలో పనిచేసే తొకుజి, మొన్న చెయ్యి యంత్రంలో పడి వేలు పోగొట్టుకున్నవాడు. కట్టు కట్టిన చేతిని జేబులో దాచుకుని నిలబడ్డాడు.

"అవ్వా, నవ్వించేది ఏదైనా ఇవ్వు."

"నవ్వొస్తోందా నీకు?"

"లేదు."

"అయితే అది నీకు పనికిరాదు. ఇదిగో. ఇందులో రాక్షసుడి చెయ్యి తెగి దానంతటది తిరుగుతుంటుంది. ఊరూరూ తిరిగి తలుపులు కొడుతుంది. చివరికి ఎవరి తలుపు కొట్టిందంటే..." ఆ పేజీ మీద నా అరచెయ్యి పెట్టేశాను.

"చెప్పవూ?"

"నువ్వే వచ్చి నాకు చెప్పాలి."

మొత్తానికి జేబులోంచి చెయ్యి తీశాడు, రెండు చేతులా పుస్తకం పట్టుకోవడానికి. ఇది నల్ల దారమే. హిషిదా గారూ, వింటున్నారా? దీన్నే మీరు తగలబెడతామన్నది.

మే 16

సచియె కాలవ గట్టు మీద కనపడింది. మెడ సన్నబడి తల పెద్దదైనట్టుంది. పిలిచాను. నన్ను చూసి పరుగెత్తింది.

కోపం అనుకుంటా. అత్తరికం చేసే పెద్దమ్మ ఇంట్లో పెరిగితే పిల్లలు అలాగే అవుతారు. నా పుస్తకానికీ దానికీ ఏమిటి సంబంధం? మంచు, ఇద్దరు పిల్లలు, వేడి జావ.

మే 18

ఇది రాయాలా వద్దా అని ఆలోచించాను. రాయి.

నిన్న చేపల బజారులో మంచి గుల్లలు దొరికాయి. మా దీవిలో బాలింతలకీ రోగం నుంచి లేచినవాళ్ళకీ గుల్లల్లోని మాంసం వేసి జావ కాచి పోస్తాం. చచ్చేవాడు కూడా లేచి కూర్చుని ఇంకో గిన్నె అడుగుతాడు. పొద్దున్నే కాచి, నువ్వుల నూనె వేసి, గిన్నెకి గుడ్డ చుట్టుకుని తోఫు కొట్టుకి వెళ్ళాను. నోబుకో నన్ను చూసి మొహం తిప్పుకుంది గానీ వెళ్ళగొట్టలేదు. ఆమె కళ్ళ కింద నల్లటి గుంటలు.

సచియె వెనక గదిలో, గోడకి ఆనుకుని కూర్చుంది. నేను వంగి మూత తీశాను. ఆవిరి పైకి లేచింది. "తాగమ్మా, వేడివేడిగా తాగు" అన్నాను, ఎంత మెల్లగా అనగలనో అంత మెల్లగా.

పిల్ల కెవ్వుమంది. గిన్నెని కాలితో తన్నింది. "నాకొద్దు! నేను లావవను! నేను లావవను!" అని మూలకి దూరిపోయింది. నోబుకో వచ్చి పట్టుకోబోతే ఆమెనీ గీరింది.

జావంతా నా ఒళ్ళో. నోబుకో గుడ్డ తెచ్చి చాప తుడిచింది. నేనూ తుడిచాను. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

లావవను అంటుందేమిటి?

తోమోయె, ఆ పుస్తకం తియ్యి. అట్ట తెరువు. చదువు.

మే 19

ఇవాళ ఏమీ రాయొద్దని అవ్వ అంది. అదే రాశాను. — తోమోయె

మే 20

తోమోయె చదివింది. నాలుగుసార్లు చదివించుకున్నాను.

బొమ్మలో ముసలిది నవ్వుతూ గరిటె ఎత్తుతుంది. గుడిసె బయట మంచు, లోపల కుంపటి. ఎంత చల్లని బొమ్మ! పక్కనున్న మాటలు ఏమంటున్నాయో తెలుసా? "తినండి, బాగా తినండి. మీ అమ్మ మిమ్మల్ని నాకు ఇచ్చేసి వెళ్ళిపోయింది. ముందు ఎవరు బలుస్తారో చూద్దాం."

ప్రతి బొమ్మలోనూ గిన్నె నింపుతుంది. ప్రతి గిన్నెకీ అదే మాట. చివరి బొమ్మలో పెద్ద పిల్లాడు నిద్రపోతుంటే ముసలిది వాడి చెయ్యి పట్టుకుని నిమురుతుంది. ఎంత ముద్దొచ్చిందో నాకు ఆ బొమ్మ! ఆమె నిమరడం లేదు. కొవ్వు ఎంత పట్టిందో చూస్తోంది.

అమ్మ కనపడకుండా పోయిన పిల్లకి, పెద్దమ్మ తిను తిను అని వెంటపడే పిల్లకి, ఏరి ఏరి ఈ పుస్తకం ఇచ్చాను. మోకాటి లోతు అని ఇచ్చాను. తర్వాత నేనే ముసలి మొహం వేసుకుని, గిన్నె పట్టుకుని, ఆవిరితో సహా దాని ముందుకి వెళ్ళాను.

తెల్ల దారం తెంపేశాను.

మే 21

తోమోయె ఒక సంగతి చెప్పింది. ఆ చివరి పేజీలో, బొమ్మ కింద, చిన్న అక్షరాలున్నాయట. మిగతా కథ రెండో భాగంలో అని.

నేను అది పూలతీగ అనుకున్నాను.

అంటే ఆ పిల్ల ఈల వెయ్యలేదు. వెయ్యడానికి పైకి రాలేదు. సగం నీళ్ళలో ఉండిపోయింది.

రెండో భాగం ఎక్కడ? తోమోయె తెల్ల అరంతా చూసింది. లేదు. నీలం అరలో లేదు. చెప్పుల ఫ్యాక్టరీ జిగురు అంటిన వేళ్ళతో, ఒక కన్ను మూసుకుని, నల్ల అర మీద చెయ్యి పెట్టింది పాపం. అక్కడ దొరికింది.

ఆ పుస్తకం నాకు బాగా తెలుసు. మంటల్లో జుట్టు విరబోసుకున్న ఆడది, చేతులు కాలి తోలు వేలాడుతూ, నోరంతా తెరిచి అరుస్తుంటుంది. గుడిసె తగలబడుతుంది. నక్క ముసుగు రెండుగా చీలుతుంది. అంత భయంకరమైన బొమ్మలు నా కొట్లో ఇంకో పుస్తకంలో లేవు. అందుకే నల్ల దారం. ఇది మంట రాక్షసి కథ అని కొలిమి వాళ్ళకి ఎంతమందికి ఇచ్చానో! ఒకసారి తొకుజి, "అవ్వా, ముందేదో జరిగినట్టుంది, నాకు అందడం లేదు" అన్నాడు. బుర్రలేనివాడా అని తిట్టి పంపాను.

ఆ మంటల్లో ఆడది రాక్షసి కాదు. వాళ్ళమ్మ.

మందు తీసుకెళ్ళి నల్ల అరలో దాచాను. విషం తీసుకెళ్ళి పిల్లల చేతికందే అరలో పెట్టాను. ఆ మందునే ఇప్పుడు హిషిదా గారు తగలబెడతామంటున్నారు.

మే 22

నువ్వు ఫ్యాక్టరీకి పోయావు. నేను ఆగలేకపోయాను. మధ్యాహ్నం బేరం లేని వేళ చూసుకుని తోఫు కొట్టుకి వెళ్ళాను. జరిగింది జరిగినట్టు చెబుతున్నాను, రాయి.

"మళ్ళీ ఇంకో పుస్తకమా?" అంది నోబుకో. "సిగ్గులేదూ నీకు?"

"లేదు. ఇది మొదటిదానికి తరువాయి. ఇది చదివితేనే పిల్ల తింటుంది."

"అట్ట మీద చూడు! కాలిపోతున్న మనిషి!"

"చూశాను. చూడ్డమే వచ్చు నాకు. అదే కదా వచ్చిన చిక్కు. నువ్వు చదువు."

"నేనా?"

"మరి నేనా? గట్టిగా చదువు, వెనక గదిలోకి వినపడేలా."

ఏమనుకుందో ఏమో, తడిచేతులు తుడుచుకుని గల్లా పక్కన కూర్చుంది. పిల్ల వెనక తలుపు సందులోంచి చూస్తోందని ఇద్దరికీ తెలుసు. ఇద్దరం అటు చూడలేదు.

నోబుకో చదవడం మొదలుపెట్టింది. కూరగాయల వాడు ధరలు చెప్పినట్టు చదివింది.

"ఆగు ఆగు. నక్క అలా మాట్లాడుతుందా? తోఫు అమ్ముతున్నావా?"

"మరెలా మాట్లాడుతుంది?"

"ఆకలితో ఉంది. పిల్లల్ని తినాలి. తేనె పూసినట్టు మాట్లాడాలి."

నోబుకో గొంతు సవరించుకుని ఏదో చేసింది. జలుబు చేసిన పిల్లి అరిచినట్టుంది. తలుపు వెనకనుంచి కిసుక్కుమని చిన్న శబ్దం. నోబుకో పేజీ మీద వేలు అలాగే ఆగిపోయింది. ఆ ఇంట్లో ఆ చప్పుడు వినపడి ఎన్నాళ్ళైందో!

"చదువు," అన్నాను మెల్లగా. "ఆగకు."

చదివింది. తల్లి మంచు కొండ ఎక్కుతుంది. దారి అడిగితే చెట్లు అబద్ధం చెబుతాయి. నది తప్పుదోవ పట్టిస్తుంది. గుడిసె చుట్టూ నక్క నిప్పు కంచె వేస్తుంది. తల్లి ఆ నిప్పుని చేతులతో పక్కకి తోసుకుని లోపలికి వస్తుంది. ముసుగు పట్టుకుని చీలుస్తుంది. ముసుగు వెనక మొహం లేదు, ఒట్టి చీకటి గుంట, అందులో మంచు కురుస్తోంది. ఇదంతా బొమ్మల్లో నేను వందసార్లు చూశాను. ఆమె తెరిచిన నోట్లో ఏ మాట ఉందో మాత్రం ఇవాళే విన్నాను.

"నేను మిమ్మల్ని ఎవరికీ ఇవ్వలేదు. దారి దొరకడం ఆలస్యమైంది."

నోబుకో ఆ మాట దగ్గర ఆగిపోయింది. అదే మాట మళ్ళీ చదివింది. సచియె తలుపు తీసుకుని వచ్చి నిలబడింది.

"మా అమ్మ చేతులు కూడా కాలాయా?" అని అడిగింది.

నోబుకో నా వైపు చూసింది. నేను పుస్తకం వైపు చూశాను.

"లేదమ్మా," అంది నోబుకో. "చేతులు కాదు. ఊపిరితిత్తులు. అమ్మ సత్రంలో లేదు. ఆసుపత్రిలో ఉంది. నిన్ను ఎవరికీ ఇవ్వలేదు. అంటుకునే జబ్బు కదా, దగ్గరికి రానివ్వరని... మేమే అబద్ధం చెప్పాం."

పిల్ల ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. పుస్తకం తన వైపు తిప్పుకుని చెట్ల బొమ్మ మీద వేలు పెట్టింది.

"చెట్లు కూడా అబద్ధం చెప్పాయి కదా," అంది.

"అవును. నేనూ ఒక చెట్టునే," అంది నోబుకో. అప్పుడు ఏడ్చింది పెద్దమ్మే.

తర్వాత నోబుకో తోఫు ముక్క ఒకటి కోసి, ముందు తను సగం తిని, మిగతా సగం పళ్ళెంలో పెట్టి, పిల్లకి ఇవ్వకుండా గల్లా మీద వదిలేసింది. తిను అనలేదు. నేను వచ్చేసేటప్పుడు ఆ పళ్ళెం ఖాళీగా ఉంది. ఎవరు తిన్నారో నేను చూడలేదు. చూడకుండా ఉండటానికే ముందుగా లేచాను.

మే 26

తింటోందట. కొంచెం కొంచెం. నోబుకో భర్త బాకా ఊదుకుంటూ తోఫు అమ్మడానికి వచ్చి చెప్పి వెళ్ళాడు. డబ్బు తీసుకోలేదు. తోఫు నిజంగానే బాగుంది. ఈ మాట నోబుకోకి చెప్పను.

మే 30

బడికి వెళ్ళాను. తోమోయె సగం రోజు సెలవు పెట్టి వచ్చింది. నేను కంఠతా పట్టిన వాదన, ఇన్నాళ్ళూ రాయించిందంతా, నోట్లోనే ఉంది. తెల్లది ఇచ్చాను, తెల్లది ఇచ్చాను అనే మాట. ఆ కుర్చీలో కూర్చోగానే దాన్ని మింగేశాను.

"నేను బొమ్మలకి దారం కట్టాను," అన్నాను. "మాటలకి కట్టలేదు. అందుకే పసిపిల్లని సగం నీళ్ళలో వదిలేశాను. ఇకనుంచి తోమోయె చదువుతుంది, నేను చూస్తాను. ఇద్దరం ఒప్పుకున్నాకే దారం. రెండు భాగాలున్నవి కలిపి కుడతాను. కానీ నల్లవి ఇవ్వను. పిల్ల పైకి వచ్చిన దారి అక్కడుంది."

నోబుకో లేచింది. "ఆ నల్ల పుస్తకం లేకపోతే మా సచియె ఇంకా తినేది కాదండీ."

"మొదటి పుస్తకం లేకపోతే అసలు తిండి మానేదే కాదు కదా?" అన్నారు హిషిదా గారు.

"అదీ నిజమే," అన్నాను. ఏమనగలను? నిజమే కదా.

నేను ఒప్పుకునేసరికి ఆవిడ తల్లుల వైపు తిరిగారు. తల్లులు కాసేపు గుసగుసలాడుకున్నారు. మంట ఇప్పట్లో వద్దనీ, ఆ నల్ల అర తానే వచ్చి చూస్తాననీ, ఆ తర్వాతే నిర్ణయమనీ అన్నారు హిషిదా గారు.

"రండి. కానీ నల్లవి మొదటే ఇవ్వను. ముందు తెల్లది. చదివి, ఏం చూశారో నాకు చెప్పాలి. తర్వాత నీలం."

"నాకు కూడానా?"

"మీ ఊపిరి ఎంతో నాకేం తెలుసండీ?"

వెనక వరసలో ఎవరో నవ్వారు. హిషిదా గారు నవ్వలేదు. కానీ బయటికి వచ్చేటప్పుడు, తెల్లవాటిలో మంచిది ఏది అని గొంతు తగ్గించి అడిగారు.

జూన్ 3

సచియె వచ్చింది! రెండు భాగాలూ ఛాతీకి అదుముకుని వచ్చింది. గుమ్మంలో చెప్పులు సరిగ్గా జతగా పెట్టింది. కూర్చుని మొత్తం కథ చెప్పింది. నక్క మాటలు అచ్చం నోబుకో గొంతుతో, ఆ జలుబు పిల్లి గొంతుతో చెప్పింది. నవ్వలేక నాకు పక్కలు నొప్పి పుట్టాయి.

చెప్పడం అయ్యాక, "ఈల ఎలా వెయ్యాలి?" అని అడిగింది. మా దీవి పద్ధతిలో పెదవులు గుండ్రం చేసి ఊపిరి వదిలి చూపించాను. నాకు పళ్ళు లేవు, గాలే వచ్చింది. దానికి మాత్రం వచ్చింది. సన్నగా, పొడుగ్గా, సందు చివరిదాకా వినపడింది. చెప్పుల ఫ్యాక్టరీ వాళ్ళు తలలెత్తి చూశారు.

జూన్ 10

ఆదివారం నోబుకో పిల్లని కొండ మీద ఆసుపత్రికి తీసుకెళ్ళింది. లోపలికి రానివ్వలేదు. కిటికీ బయట నిలబడి సచియె వాళ్ళమ్మకి నక్క కథ రెండు భాగాలూ చెప్పిందట. అద్దం అవతల వాళ్ళమ్మ దగ్గు ఆపుకుంటూ విందట. అయిపోయాక అద్దం మీద వేలితో ఏదో రాసి చూపించింది. ఆ ముసలమ్మ దగ్గర ఇంకేం ఉన్నాయి అని.

పడుకున్న మనిషికి ఏ పుస్తకం ఇవ్వాలి? రాత్రంతా దగ్గేవాళ్ళకి ఎంత లోతు పనికొస్తుంది? పొద్దుటినుంచీ అరలన్నీ తిరగేశాను. ఒకటి తీశాను. సముద్రం అడుగున దీపం పట్టుకుని నడిచే మనిషి బొమ్మలు. చుట్టూ ఎముకలు, పెద్ద పెద్ద కళ్ళున్న చేపలు. నాకు బాగా నచ్చింది. కానీ ఆ మనిషి నోరు తెరిచి ఏదో అంటున్నాడు, అదేమిటో నాకు తెలియదు.

ఏ దారం అవ్వా అంటున్నావా? ఇంకా కట్టలేదు. కలం పక్కన పెట్టు తోమోయె. వణక్కు, నేను పక్కనే ఉన్నాను. దీపం ఇటు జరుపు. మొదటి పేజీ తియ్యి.

చదువు.